బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ వైరే తీయండి

కారు బ్యాటరీ ఇంట్లోనే విప్పి ఛార్జింగ్ పెట్టుకోవచ్చా, ఏ వైరు ముందు తీయాలి అని అడిగారు. పెట్టుకోవచ్చు. ముందు మైనస్ తీయండి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్.

ఈ వరస నాకు దెబ్బతోనే ఒంటబట్టింది. మొదటిసారి విప్పినప్పుడు చేతికి దగ్గరగా ఉందని ప్లస్ నట్టుకే స్పానర్ పెట్టాను. తిప్పుతుంటే దాని రెండో కొస పక్కనున్న ఇనుప బ్రాకెట్‌కు తగిలింది. టప్పుమని మెరుపు! చెయ్యి లాక్కుని చూస్తే స్పానర్ అంచున కందిగింజంత మేర ఇనుము కరిగిపోయి గుంట పడింది. చాలా కార్లలో బాడీ అంతా మైనస్‌తో కలిసే ఉంటుంది. మైనస్ వైరు ముందే తీసేసి ఉంటే ఆ స్పానర్ బాడీకి తగిలినా ఏమీ అయ్యేది కాదు. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ షార్ట్ అయితే వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. అందుకే ఉంగరం, వాచీ, గాజులు తీసి పక్కన పెట్టాకే చెయ్యి పెట్టండి.

ఛార్జింగ్ అప్పుడు ఇంకా జాగ్రత్త. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. గాలి ఆడే చోట పెట్టండి. క్లిప్పులు పెట్టే ముందూ తీసే ముందూ ఛార్జర్ స్విచ్ ఆపేయండి.

మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ ఫుల్ ఛార్జ్ అయ్యాకే పోయాలి. ముందే నిండుగా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. లోపలి సీసం ప్లేట్లు నీళ్లపైకి తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయండి. యాసిడ్ ఎప్పుడూ కలపకండి.

బరువుగా ఉందని బ్యాటరీని పొట్టకు ఆనించుకుని మోయకండి. నేను అలాగే మోశాను. అప్పుడేమీ కనబడలేదు, ఉతికాక చూస్తే చొక్కా ముందంతా జల్లెడ. అదే యాసిడ్ చుక్క కంట్లో పడితే? కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేల మీద ఒలికితే వంటసోడా చల్లి, నురగ ఆగేదాకా ఉంచి కడగండి. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, సీసం విషం.

పక్కలు ఉబ్బినా, పగులు కనిపించినా ఛార్జింగ్ పెట్టనే వద్దు. కొత్తది తీసుకుని, పాతది అదే షాపులో ఇచ్చేయండి.