మున్సిపాలిటీలో కలిసిన పల్లె

ప్రశ్న: మా అమ్మగారి పుట్టిల్లు చిత్తూరు జిల్లా కుప్పం పక్కనున్న ఒక పల్లె. ఇప్పుడది కుప్పం మున్సిపాలిటీలో ఒక వార్డు. బడిలో ‘చిన్న పట్టణం’ మీద వ్యాసం రాయమంటే మా అబ్బాయి ఆ ఊరినే ఎంచుకున్నాడు. 2011 జనాభా లెక్కల్లో కుప్పానికి 21,963 మంది అని ఉంది, ఊళ్లోవాళ్లేమో అంతకు చాలా ఎక్కువ చెబుతున్నారు. ఏది సరి? మల్బరీ తోటలు, పశువుల కొట్టాలు ఉన్నచోటు పట్టణం ఎలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం, బెంగళూరు

జవాబు: రెండూ సరైనవే కావచ్చు, ఎందుకంటే అవి ఒకే ఊరి లెక్కలు కావు. 2011 నాటికి కుప్పం పాలన రీత్యా గ్రామ పంచాయతీ. అయితే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, పనిచేసే మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయేతర వృత్తుల్లో ఉండటం అనే మూడు కొలతలకు సరిపోయిన ఊరిని జనగణన శాఖ ‘సెన్సస్ టౌన్’గా రాసుకుంటుంది. 21,963 అలా లెక్కకు వచ్చిన పాత కుప్పం జనాభా. చుట్టుపక్కల పల్లెలను కలిపి మున్సిపాలిటీ చేసింది ఆ తరువాతే. 25 వార్డులకు తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. మీ అమ్మగారి పల్లె ఆ పాత అంకెలో లేదు. 2027 మార్చి 1ని ప్రాతిపదికగా తీసుకునే జనగణనలోనే ఈ కొత్త హద్దుల జనాభా మొదటిసారి తేలుతుంది.

ఇక పొలాల సంగతి. రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం జనాభా, సాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి, ఆర్థిక ప్రాముఖ్యం చూసి పట్టణ ప్రాంతాన్ని నిర్ణయించమంటుందే గాని, అందులో పొలం ఉండకూడదని ఎక్కడా అనదు. నన్ను కలవరపెట్టేది మరొకటి. ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబాలకే ఉద్దేశించినది కాబట్టి, పల్లె వార్డుగా మారితే అక్కడి కూలీకి ఆ పని హక్కు లేకుండా పోతుంది. చేసే పని మారకపోయినా కాగితం మీద ఊరి పేరు మారినందుకు అంత నష్టం కూలీ మీద పడటం న్యాయమని నేను అనుకోను.

కుప్పం ఆంధ్రప్రదేశ్‌కు నైరుతి మూల. ఒకవైపు కర్ణాటక, మరోవైపు తమిళనాడు. నంది కొండల్లో పుట్టి 348 కిలోమీటర్లు సాగే పాలారుకు ఆంధ్రలో దక్కేది 33 కిలోమీటర్లే, అదీ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు ఇక్కడికి చేరింది 2025 ఆగస్టులో.

నీళ్లు తక్కువైన చోట బోరు కింద ఎకరం, రెండెకరాల మల్బరీ, నాలుగు పాడి ఆవులు ఉంటే ఇల్లు గడుస్తుంది. రైతు చాకీ కేంద్రం (పట్టు పిల్ల పురుగులను పెంచే చోటు) నుంచి రెండో జ్వరం దాటిన పురుగులను తెచ్చుకుంటాడు (పురుగు మేత మాని పొర విడిచే దశను పట్టు రైతులు ‘జ్వరం’ అంటారు). నాలుగో జ్వరం దాటాక పురుగులు ఆకు తినే చప్పుడు షెడ్డులో సన్నని వాన కురిసినట్టు వినబడుతుంది. ఆ వారం ఇంటిల్లిపాదీ కొమ్మలు కోసి మోయడంలోనే ఉంటారు. ఒళ్లు పండిన పురుగులను చంద్రికల (గూడు కట్టుకునే తట్టల) మీద వేస్తే రెండు మూడు రోజుల్లో గూడు కట్టేస్తాయి. మీ అబ్బాయి ఇది ఒకసారి కళ్లారా చూసి రాస్తే వ్యాసానికి ప్రాణం వస్తుంది.

గ్రానైట్‌లో ‘కుప్పం గ్రీన్’ రాయికి పేరుంది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం, ఒక వైద్య కళాశాల చుట్టూ అద్దె ఇళ్లు, మెస్సులు, దుకాణాలు పెరిగాయి. కానీ చాలా ఇళ్లకు నెల జీతం తెచ్చేది బెంగళూరు రైలే. తెల్లవారకముందే క్యారియర్ పట్టుకుని ఎక్కి, మీ కృష్ణరాజపురంలోనో కంటోన్మెంట్‌లోనో దిగి, రాత్రికి ఇల్లు చేరేవారు ఎందరో. వారి ఓటు కుప్పంలో, కూలి బెంగళూరులో.

వ్యాసంలో 21,963 పక్కన ‘2011, విలీనానికి ముందు’ అని తప్పక రాయించండి. మీ పల్లె అంతకుముందు ఏ పంచాయతీలో ఉండేదో మీ అమ్మగారిని అడిగి, వార్డు సంఖ్యతో పాటు ఆ పాత పేరునూ చేర్చమనండి.