ఎండోమెట్రియోసిస్ తేల్చుకోవడానికి పెట్ స్కాన్ చేయించాలా?

చెన్నైలో ఉన్న మీ చెల్లెలికి అల్ట్రాసౌండ్ నార్మల్ అన్నారు, నెలసరి నొప్పి మాత్రం అలాగే ఉంది, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉంటే మాలిక్యులర్ స్కాన్‌లో తేలుతుందని ఎవరో చెప్పారు, పెట్ స్కాన్ చేయించమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. బెంగళూరులో నేనూ ఇదే బాధ పడ్డాను.

మన దగ్గర మామూలుగా చేసే పెట్ స్కాన్‌లో ఎక్కించేది ఎఫ్‌డీజీ, అంటే రేడియేషన్ ఉన్న చక్కెరలాంటి మందు, అది చేరిన చోటు స్కాన్‌లో వెలుగుతుంది. క్యాన్సర్‌కి బాగా పనికొస్తుంది. ఎండోమెట్రియోసిస్‌ని మాత్రం నమ్మకంగా పట్టదు. పైగా జబ్బేమీ లేకపోయినా నెలసరి రోజులను బట్టి గర్భాశయం, అండాశయాలు అందులో వెలుగుతుంటాయి. వేలకు వేలు పోసి, రేడియేషన్ తగిలించుకుని, మళ్లీ మొదటికే వస్తారు.

మీకు చెప్పినవాళ్లు విన్నది బహుశా మారాసిక్లటైడ్ అనే, స్కాన్ కోసం ఎక్కించే కొత్త మందు గురించి. దానికి టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం జోడించి, అది ఎక్కడ చేరిందో స్పెక్ట్-సీటీ అనే వేరే రకం స్కాన్‌లో చూస్తారు. కొత్త రక్తనాళాలు పుట్టే చోట ఉండే ఒక ప్రోటీన్‌ని అది పట్టుకుంటుంది. పొట్ట లోపలి పొర మీద పల్చగా ఉండే మచ్చలు అల్ట్రాసౌండ్‌కీ ఎమ్మారైకీ సరిగా చిక్కవు, అవి దీనికి దొరుకుతాయేమోనని ఆశ. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన తొలి అధ్యయనం కొద్దిమంది మీదే. డాక్టరు చీటీ రాస్తే వెళ్లి చేయించుకునే పరీక్ష కాదది.

నా సంగతికొస్తే, మా వీధి చివర సెంటర్లో నీళ్లు తాగించి, పొట్ట మీద నాలుగుసార్లు తిప్పి "నార్మల్" అని రాసిచ్చారు. తర్వాత గైనకాలజిస్ట్ ఈ జబ్బు బాగా చూసే సోనాలజిస్ట్ (అల్ట్రాసౌండ్ డాక్టరు) దగ్గరికి పంపింది. ఆవిడ ట్రాన్స్‌వజైనల్, అంటే యోని లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ చేస్తూ, ఒక్కోచోట మెల్లగా నొక్కి "ఇల్లి నోవా? ఇక్కడ?" అని సగం కన్నడం, సగం తెలుగులో అడిగింది. "గర్భాశయం వెనక పేగు జారుతూ కదలాలమ్మా, మీకు అతుక్కుపోయింది" అని తెర మీదే చూపించింది. ఆ తర్వాత ఎమ్మారైలోనూ అదే వచ్చింది.

స్కాన్ నార్మల్ అయినంత మాత్రాన జబ్బు లేదనకూడదని యూరప్ వైద్యుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్) కంటే ముందు హార్మోన్ మందులు వాడి చూడొచ్చని కూడా అందులో ఉంది.

ఇంకోటి, మీ చెల్లెలికి పెళ్లి కాలేదంటే చాలాచోట్ల పొట్ట మీది స్కాన్‌తోనే సరిపెడతారు. అలాంటప్పుడు పెల్విక్ ఎమ్మారై గురించి మీరే అడగండి. చీటీ మీద "పొట్టనొప్పి" అని కాకుండా ఎండోమెట్రియోసిస్ అనుమానం అని డాక్టరుతో రాయించండి.