సాల్ట్ పియర్ కింద ఒక్క స్తంభం చాలు

ప్రశ్న: డిసెంబరులో పన్నెండేళ్ల మా అమ్మాయితో కరీబియన్‌లోని బొనైర్ దీవికి వెళ్తున్నాం. సాల్ట్ పియర్ తప్పక చూడమంటున్నారు. ఇద్దరికీ ఈత వచ్చు, డైవింగ్ రాదు. నాకు లోతంటే టెన్షన్. మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ చూసే స్నార్కెలింగ్‌తో ఏమైనా కనిపిస్తుందా?
– ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: బాగా కనిపిస్తుందండీ, నిశ్చింతగా వెళ్లండి. అది ఓడల్లోకి ఉప్పు ఎత్తే జెట్టీ. రోడ్డుకు ఒక పక్క గులాబీరంగు ఉప్పుమళ్లు, తెల్లటి ఉప్పు గుట్టలు, రెండో పక్క సముద్రం. దీవికి పడమటి ఒడ్డు కాబట్టి తూర్పుగాలి దెబ్బ ఉండదు, అలలు మామూలుగా చిన్నవే. ఒడ్డు దగ్గరి స్తంభాలు తక్కువ లోతులోనే ఉంటాయి. మీకు అవి చాలు.

జెట్టీ అంతా చుట్టేయాలని చూడకండి. ఒక స్తంభం దగ్గర ఆగి, కాళ్లు ఆడించడం తగ్గించి, తేలుతూ చూడండి. నీడ, పట్టుకోవడానికి గట్టి చోటు, ప్రవాహం తెచ్చే మేత ఒకేచోట దొరుకుతాయి కాబట్టి పసుపు, ఎరుపు స్పాంజిలు (ఒకేచోట అంటుకుని బతికే సముద్ర జీవులు) స్తంభాన్ని కప్పేస్తాయి. పసుపు వీపు, నల్ల చారల సార్జెంట్ మేజర్ చేపలు అక్కడే తిరుగుతుంటాయి. స్తంభం మీద ఊదారంగు మచ్చ కనిపిస్తే అది వాటి గుడ్ల పొర కావచ్చు. పక్కనే నీలంగా మారిన మగచేప కాపలా కాస్తుంటుంది. తనకంటే ఎంతో పెద్ద చేపనైనా తరుముతుంది, మీ మాస్క్ మీదికీ వస్తుంది. పాపకు ముందు అదే చూపించండి.

బారెడు బరాకుడా, అంటే పదునైన పళ్ల వేటచేప, కదలకుండా మిమ్మల్నే చూస్తూ ఉండొచ్చు. మెరుపు దాన్ని ఆకర్షిస్తుంది కాబట్టి గాజులు, గొలుసులు తీసేసి దిగండి, దాని జోలికి పోకండి. స్తంభాన్ని మాత్రం పట్టుకోవద్దు. పగడంలా కనిపించే ఫైర్ కోరల్ అనే జీవి తగిలితే చర్మం మండిపోతుంది, పైగా పగడాలను తాకడం అక్కడ నిషేధం.

ఇక మీ భయం. లైఫ్ వెస్ట్ వేసుకోండి, మొహమాటం వద్దు. ప్రయాణానికి ముందే స్విమ్మింగ్ పూల్‌లో మాస్క్ పెట్టుకుని అలవాటు చేసుకోండి. ఊపిరి నిదానంగా, పూర్తిగా వదలాలి. చిన్న చిన్న ఊపిర్లు తీస్తే గొట్టంలోని పాత గాలే మళ్లీ లోపలికి వెళ్లి ఆయాసం వస్తుంది. ఒడ్డంతా పగడపు రాళ్లు, చెప్పుల్లేకుండా నడవలేరు. పగడాలకు హాని చేసే ఆక్సిబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ అక్కడ అమ్మనివ్వరు, పొడుగు చేతుల ఈత చొక్కా మేలు. స్నార్కెలింగ్‌కైనా మెరైన్ పార్క్ రుసుము కట్టాలి. 1979 నుంచి ఆ తీరాన్ని కాపాడుతున్నది ఆ పార్కే, కాబట్టి ఆ డబ్బు దండగ కాదు.

అదే రోడ్డు మీద, ఒడ్డున చిన్న చిన్న రాతి గదులు కనిపిస్తాయి. ఉప్పుమళ్లలో పని చేయించిన బానిసలు పడుకోవడానికి 1850లో కట్టినవి. నడుం వంచితే గానీ లోపలికి వెళ్లలేం. పాపతో తప్పకుండా ఆగి చూడండి.

జెట్టీకి ఓడ కట్టి ఉంటే ఎవరు ఏం చెప్పినా దిగకండి. రోడ్డు పక్కన పేర్లు రాసిన పసుపు రాళ్లు ఉంటాయి, ఒక్కో రాయి ఒక్కో డైవింగ్ చోటు. నీళ్లు నెమ్మదిగా ఉన్న చోటు చూసుకుని ఆ రోజుకు అక్కడ దిగండి.