రొయ్యల గుంటలో వాడిన అల్యూమినియం పడవని చేపల వేటకి మార్చుకోవాలంటే ఏమేం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ముత్తుకూరు వైపు గుంటల్లో మేత చల్లడానికి వాడిన 12 అడుగుల చదును అడుగు అల్యూమినియం పడవ కొన్నారు. నడుమ వెడల్పు 4 అడుగులు, వెనక పలక 3.5 అడుగులు. లోపలికి నీళ్లు ఊరుతున్నాయి. నడిమి బెంచీ కోసేసి, ప్లైవుడ్ పరిచి, ఐస్ పెట్టె, ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ, 15 హెచ్‌పీ మోటారు పెట్టి కనిగిరి రిజర్వాయరులో, సోమశిలలో, అప్పుడప్పుడు కృష్ణపట్నం క్రీకులో తిప్పాలని ఉంది.

నడిమి బెంచీ మీద కటింగ్ బ్లేడు పెట్టకముందే ఈ జవాబు మీ కంట పడాలని రాస్తున్నాను. ఆ బెంచీ కూర్చోడానికి మాత్రమే కాదు. ఈ పడవల రేకు ఒకటిన్నర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అంత పలచని రేకుతో చేసిన రెండు పక్క గోడల్నీ అడుగునీ కలిపి బిగించి పట్టుకునేది బెంచీలే. నడిమిది తీసేస్తే మోటారు వేగానికి పక్కలు విచ్చుకుంటాయి, అడుగు నూనె డబ్బా రేకులాగా లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది, ఆ కొట్టుడుకి రివెట్లు ఒక్కొక్కటే వదులవుతాయి. చోటు తప్పనిసరిగా కావాలంటే బెంచీని రెండు చివరలా ఆరేసి అంగుళాలు వదిలి మధ్యలో కోయండి. కోసిన చోట అడుగున ఈ పక్కనుంచి ఆ పక్కకి 50×50×3 మి.మీ. అల్యూమినియం ఎల్ యాంగిల్ ఒకటి, పై అంచు దగ్గర రెండు వైపులా ముక్కోణపు ప్లేట్లు వేయించండి. నా మాట అడిగితే బెంచీలు ఉంచేసి వాటి మధ్యనే ఫ్లోరు వేసుకోవడం మేలు.

ఇక మొదటి పని లీకు కూడా కాదు, సున్నం. మేత పడవలో మేతతో పాటు సున్నం, బ్లీచింగ్ కూడా మోస్తారు. తడి సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. బ్లీచింగ్ పొడి, ఉప్పునీళ్లు కలిసి సూది మొన అంత గుంటలు చేస్తాయి. అడ్డపట్టీల మూలల్లో, బెంచీల కింద తెల్లగా గట్టిపడి అంటుకున్న పొర కనిపిస్తే చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గీకి, నీళ్లు, నైలాన్ బ్రష్‌తో కడగండి. ఇనప వైరు బ్రష్ వద్దు. దాని తునకలు రేకులో ఇరుక్కుని కొత్త గుంటలకి కారణమవుతాయి. తర్వాత ఆ చోట్లలో మొనదేలిన ఆరతో గట్టిగా నొక్కి చూడండి. రేకు లొంగిపోతే అక్కడ ప్యాచ్ పడాల్సిందే. ఏరేటర్ వైర్ల రాగి తునకలు, ఇనప నట్లు అడుగున పడి ఉంటే ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయండి. ఉప్పు తడిలో రాగి ముక్క ఆనిన చోట రేకుకి చిల్లి పడటానికి ఎంతోకాలం పట్టదు.

లీకు పట్టే పద్ధతి. పడవని అడ్డపట్టీల కిందకి వచ్చేలా నాలుగైదు చోట్ల దుంగలు పెట్టి నిలబెట్టండి. బయటి అడుగు తుడిచి ఆరనిచ్చి, అతుకుల వెంబడి, రివెట్ల వరసల మీద మెత్తటి ముగ్గుపిండి నీళ్లలో కలిపి పలచగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. లోపల రెండంగుళాల ఎత్తు నీళ్లు పోసి అందులో కాస్త బట్టల నీలం కలపండి. అంతకన్నా ఎక్కువ పోయకండి. ఈ కొలతల పడవలో రెండంగుళాల నీళ్లే 150 నుంచి 200 కిలోలుంటాయి, దుంగలు లేని చోట అడుగు కుంగిపోతుంది. పావుగంట ఆగి కిందకి దూరి చూడండి. తెల్లటి పూత మీద ముందు బూడిదరంగు చుక్క, తర్వాత దాని నడుమ నీలం చుక్క తేలుతుంది. ఆ రివెట్ చుట్టూ మార్కర్‌తో సున్నా చుట్టండి. అరగంట తర్వాత చూస్తే నీళ్లు పాకి నాలుగైదు రివెట్లూ తడిసిపోతాయి, అసలు దొంగ ఏదో తెలియదు. అందుకే మొదటి చుక్కనే పట్టుకోవాలి.

వదులైన రివెట్లని ముందు బిగించి చూడండి, మార్చడం తర్వాత. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల రివెట్ తోక మీద 2 కిలోల ఇనప దిమ్మని అదిమి పట్టుకోవాలి, రెండో మనిషి బయటి తల మీద మూడు నాలుగు దెబ్బలు వేయాలి. దెబ్బ సరిగ్గా పడితే డబ్బా మోత పోయి గట్టి చప్పుడు వస్తుంది. అక్కడ ఆపేయండి. ఇంకా కొడితే రేకు సాగి పక్క రివెట్లు వదులవుతాయి. బిగియనివి, తల అరిగినవి డ్రిల్‌తో తీసేసి కొత్తవి వేయాలి. 4.8 మి.మీ. గట్టి అల్యూమినియం రివెట్ అయితే పొడవు లెక్క ఇది: కలిసే రేకుల మందం, దానికి రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. 3 మి.మీ. మందం ఉంటే 10 మి.మీ. రివెట్ సరిపోతుంది. కన్నం కోలగా సాగిపోయి ఉంటే ఒక సైజు పెంచండి.

లోపలికి చెయ్యి దూరని చోట, బయటినుంచే గన్‌తో లాగి బిగించే పాప్ రివెట్ తప్పదు. కానీ హార్డ్‌వేర్ కొట్లో మామూలుగా ఇచ్చేది నడుమ బోలుగా ఉంటుంది, ఆ బోలులోంచే నీళ్లొస్తాయి. లోపల మిగిలే ఇనప పుల్ల తుప్పు పడుతుంది కూడా. చివర మూసి ఉన్న రకం అడిగి తెచ్చుకోండి. ప్రతి రివెట్‌నీ పాలీయురేథేన్ మెరైన్ సీలెంటులో ముంచి వేయండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం అల్యూమినియానికి పడదు, పైగా ఆ తర్వాత దాని మీద రంగు గానీ ఇంకో సీలెంటు గానీ అంటుకోదు. ఎపాక్సీ ముద్ద మెత్తి వదిలేయడం కూడా మనవైపు ఎక్కువగా చూస్తాం. రేకు కదులుతుంది, ముద్ద కదలదు, నాలుగు అలలకి పెచ్చులా ఊడొస్తుంది.

గుంటలు పడ్డ చోట 5052 రకం రేకు అదే మందంలో తీసుకుని బయటి వైపు ప్యాచ్ వేయండి. మూలలు గుండ్రంగా ఉండాలి, దెబ్బతిన్న చోటు దాటి చుట్టూ అంగుళం పైగా రావాలి. రివెట్‌కీ రివెట్‌కీ మధ్య 25 మి.మీ., ప్యాచ్ అంచు నుంచి రివెట్‌కి 10 మి.మీ.కి తగ్గకూడదు. చీలిక ఉంటే ముందు దాని రెండు కొసల్లో 3 మి.మీ. కన్నాలు వేయండి, లేకపోతే ప్యాచ్ కింద కూడా పాకుతుంది. వెల్డింగే కావాలంటే నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లని అడగండి. లారీ మందపు రేకులకి అలవాటుపడ్డ చెయ్యి ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకుని కాల్చి చిల్లి చేసే ప్రమాదం ఉంది. అంత పలచనిది చేశారా అని ముందే అడగండి, 5356 ఫిల్లర్ రాడ్ వాడమనండి. వెల్డింగ్ పడే చోట వెనక ఫోమ్ ఉంటే ముందే తీసేయాలి, నిప్పంటుకుంటే దాని పొగ ప్రాణం మీదకి తెస్తుంది.

వెనక పలకలో రెండు రేకుల మధ్య చెక్క ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. టక్‌టక్ మంటే బాగుంది, మొద్దుగా దబ్ మంటే లోపల చెక్క కుళ్లింది. మార్చేటప్పుడు పాత చెక్క ఆకారం కాగితం మీద గీసుకుని, 18 మి.మీ. ప్లై రెండు పొరలు ఎపాక్సీతో అతికించండి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గర ఐఎస్ 710 ముద్రతో దొరికే మెరైన్ ప్లైలో చాలావాటికి పురుగు పట్టకుండా రాగి కలిసిన మందు ఎక్కిస్తారు. చెక్కకి అది మంచిదే. తడిసినప్పుడు ఒట్టి అల్యూమినియానికి ఆనితే మాత్రం రేకుని తినేస్తుంది. అందుకే అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకి, మూడు పూతల ఎపాక్సీ వేయాలి. బోల్టు కన్నాలు 12 మి.మీ. వేసి చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక నడుమ 8 మి.మీ. కన్నం తీస్తే బోల్టు దారిన నీళ్లు చెక్కలోకి దిగవు. బోల్టులు ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 రకం వాడండి. క్రీకులో తిప్పుతానన్నారు కాబట్టి ప్రతి ఎస్‌ఎస్ తల కిందా నైలాన్ వాషర్ ఉండాలి. ఇత్తడి ఎక్కడా వద్దు.

మోటారు 15 హెచ్‌పీ ఈ పడవకి ఎక్కువ. అమెరికా కోస్ట్‌గార్డ్ చిన్న పడవలకి వాడే లెక్కలో పొడవుని వెనక పలక వెడల్పుతో గుణిస్తారు: 12 × 3.5 = 42. ఆ అంకెకి వాళ్ల పట్టికలో 7.5 హెచ్‌పీ వస్తుంది, చదును అడుగు పడవ అయితే ఒక మెట్టు తగ్గించమంటారు, అంటే 5. మనుషులకి పొడవు × వెడల్పు ÷ 15, అంటే 3.2, ముగ్గురు. 5 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ 25 కిలోల పైచిలుకు ఉంటుంది, కనిగిరికి అది చాలు. పలక ఎత్తు 38 సెం.మీ. ఉంటే షార్ట్ షాఫ్ట్, 51 ఉంటే లాంగ్ షాఫ్ట్. ప్రొపెల్లర్ పైనుండే అడ్డ ప్లేటు పడవ అడుగుకి సమానంగానో, అంగుళం కిందుగానో రావాలి. పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఉత్తినే తిరుగుతుంది. సెకండ్‌హ్యాండ్ మోటారు అయితే ముందు నీళ్ల పంపు ఇంపెల్లర్ మార్చేయండి. క్లాంపులు ఊడినా మోటారు నీళ్లలోకి పోకుండా ఒక తాడు కట్టి ఉంచండి.

బరువు లెక్క కాగితం మీద వేసుకోండి. 8×4 అడుగుల 12 మి.మీ. ప్లై ఒక షీటు 23 కిలోల దగ్గర తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, పడవ ఒరిగితే ఆసిడ్ ఒలుకుతుంది. అది ఇంట్లోనే ఉండనివ్వండి. ఐస్‌తో నిండిన పెట్టె ఇంకో 40, 50. ఇవన్నీ కలిపితే ఇద్దరు మనుషుల బరువు, అంటే ఎక్కడానికి మిగిలేది ఒక్కరే. ఫ్లోరుకి కిటికీల పనికి వాడే అల్యూమినియం సెక్షన్లతో చట్రం కట్టి, పైన 2 మి.మీ. చెకర్ ప్లేటు గానీ 9 మి.మీ. ప్లై గానీ వేస్తే చాలు. అడ్డపట్టీలకి ఆనేంత కిందుగా వేయండి. ఎత్తు పెంచిన ప్రతి అంగుళానికీ నిలబడి వల విసిరేటప్పుడు తూగు ఎక్కువవుతుంది. చట్రాన్ని అడుగు రేకులోకి స్క్రూలతో బిగించకండి, బెంచీలకే బిగించండి. కింద నీళ్లు వెనక్కి పారే దారి, అక్కడ 25 మి.మీ. డ్రెయిన్ ప్లగ్గు ఉండాలి. ప్లేట్లు విప్పి తీసేలా ఉంటే మళ్లీ లీకు వెతకడం తేలిక.

ఈ మొత్తంలో ఎక్కువమంది వదిలేసేది తేల్చే ఫోమ్. పడవ నిండా నీళ్లొచ్చినా మునగకుండా ఉండాలి, మీరు దాన్ని పట్టుకుని తేలాలి. అల్యూమినియం నీళ్లలో మూడో వంతు పైగా బరువు తగ్గుతుంది, కాబట్టి 60 కిలోల పడవకి 38 కిలోల లోటు, మోటారు, బ్యాటరీ, పట్టుకుని వేలాడే మనుషులు కలిపి 120 లీటర్ల ఫోమ్ కావాలి. లీటరు ఫోమ్ దాదాపు కిలో మోస్తుంది. పాత బెంచీల్లో ఫోమ్ చేత్తో పిండితే నీళ్లు కారితే పారేయండి. తెల్ల థర్మోకోల్ వద్దు, నీళ్లు పీలుస్తుంది, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ పలక, ఎక్స్‌పీఎస్ బోర్డు వాడండి, పెట్రోలు మాత్రం దీనికీ తగలనివ్వకండి. దొరకకపోతే మూత గట్టిగా బిగిసే 20 లీటర్ల ఖాళీ క్యాన్లు ఆరు బెంచీల కింద కట్టినా అదే పని చేస్తాయి. ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. అన్నీ ఫ్లోరు కిందే పెడితే నీళ్లు నిండిన పడవ తలకిందులవుతుంది. పక్క గోడల దగ్గర పై ఎత్తులో, మోటారు బరువు కోసం వెనక వైపు కొంచెం ఎక్కువగా ఉంచండి. లైఫ్ జాకెట్లు మాత్రం దీనికి బదులు కావు, మనిషికొకటి ఉండాల్సిందే.

చేపలు బెదరకుండా మెల్లగా పోడానికి 12 వోల్టుల ఎలక్ట్రిక్ మోటారు పెట్టాలనుకుంటే, 55 పౌండ్ల తోపు రకం పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల దగ్గర ఉండి రెండు గంటలు ఇస్తుంది, అదే లెడ్ ఆసిడ్‌లో సగమే వాడుకోవాలి కాబట్టి గంట. 16 చ.మి.మీ. కేబులు, బ్యాటరీకి జానెడు లోపే 60 ఆంపియర్ల బ్రేకరు. బైకుల్లోలాగా నెగటివ్ తీగని పడవ రేకుకి కలపొద్దు. రేకులో కరెంటు పారితే నీళ్లలో అల్యూమినియం కరగడం మొదలవుతుంది.

రంగు గురించి రెండే మాటలు. ఎమరీతో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, అదే రోజు అల్యూమినియానికి పనికొచ్చే ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ వేయండి, ఇనుముకి వేసే రెడ్ ఆక్సైడ్ నిలవదు. నాచు పట్టకుండా వేసే రాగి రంగులు వద్దు. లోపల లేత రంగు వేయండి, మన మే ఎండలో ముదురు రంగు మీద కాలు మోపలేరు.

క్రీకుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, ఫ్లోరు కింద కూడా. రిజర్వాయరుకీ ఉప్పునీళ్లకీ రెండింటికీ తిప్పుతారు కాబట్టి యానోడ్, అంటే పడవ రేకు బదులు తాను కరిగిపోయే లోహపు ముక్క, జింకుది కాకుండా అల్యూమినియంది పెట్టండి. జింకు మీద మంచినీళ్లలో పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. మొగ దాటి సముద్రంలోకి ఈ పడవతో పోవద్దు. చదును అడుగు అలని కోయదు, దాని మీద పడి కొట్టుకుంటుంది. సోమశిలలో కూడా గాలి లేచాక నడిమధ్యకి వెళ్లకండి. చేపల మీద హక్కు ఎక్కడైనా స్థానిక మత్స్యకార సంఘానికి ఉండొచ్చు, పడవ దించేముందు వాళ్లని అడగండి.

సీలెంటు ఆరడానికి వారం ఆగండి. తర్వాత మోకాలి లోతు నీళ్లలో దించి, ముగ్గురి బరువుకి సరిపడా ఇసుక బస్తాలు పేర్చి రాత్రంతా వదిలేయండి. పొద్దున బస్తాలు దించి వెనక మూలలో చూడండి. గ్లాసెడు తడి ఉంటే పర్వాలేదు, బకెట్ నిండేలా ఉంటే ఫ్లోరు ప్లేట్లు విప్పి మళ్లీ ముగ్గుపిండి దగ్గర్నుంచి మొదలుపెట్టండి.