సాలీడు పేరు రాసే ముందు

అమ్మాయికి ఆశీస్సులు.

సాలీళ్ల మీద నీ వ్యాసం చదివాను. గోరింట పొదలో సాలీడు తన గుడ్ల చుట్టూ దారం చుట్టే పేరా ఉంది చూడు, అందులో ఒక్క అక్షరం కూడా మార్చకు. అంత ఓపిగ్గా చూసి రాసేవాళ్లు మనకు తక్కువ. నేను మాట్లాడాలనుకున్నది పేర్ల గురించి. ఆరు ఫొటోలు పెట్టి, ఆరింటికీ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), జాతి రెండూ రాసేశావు. ఎలా తెలిసిందని ఫోన్లో అడిగితే యాప్ చెప్పిందన్నావు. ఆ ఆరింట్లో రెండు ఇంకా ఎదగని పిల్ల సాలీళ్లు. అలాంటివాటిని చూసి జాతి చెప్పమంటే, ఏళ్ల తరబడి సాలీళ్ల మీదే పనిచేస్తున్నవాళ్లు కూడా చాలాసార్లు తల అడ్డంగా ఊపుతారు. ఎందుకో చెప్తాను.

సాలీడు జాతిని తేల్చడంలో రంగును అంతగా నమ్మరు. ఒకే జాతిలో రంగులు మారతాయి, వేర్వేరు జాతులు ఒకేలా కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు ప్రధానంగా చూసేది జననాంగాలను. మగ సాలీడు నోటి పక్కన చిన్న కాళ్లలాంటివి రెండు ఉంటాయి, వాటిని పాల్ప్ అంటారు. మగది పెద్దదయ్యాక వాటి కొసలు ఉబ్బుతాయి. ఆ ఉబ్బులో కొక్కేలు, ముళ్లు, మెలికలు తిరిగిన సన్నటి నాళం ఉంటాయి. ఆడదానికి పొట్ట అడుగున, ముందు భాగంలో ఒక గట్టి పలక ఉంటుంది, దాన్ని ఎపిజైన్ అంటారు. ఎక్కువ సాలీళ్లలో ఈ రెండింటి ఆకారాన్ని బట్టే ఒక జాతిని ఇంకో జాతి నుంచి విడదీస్తారు. ఆల్కహాల్లో భద్రపరచిన సాలీడును మైక్రోస్కోప్ కింద వెల్లకిలా తిప్పి, ఆవగింజలో సగం కూడా ఉండని ఆ పలకను సన్నటి సూదులతో వేరు చేస్తారు. చుట్టూ ఉన్న మెత్తటి కండను మందులతో కరిగించి, లోపలి నాళాలు ఎటు తిరిగాయో చూసి బొమ్మ గీస్తారు. ఈ అవయవాలు పూర్తిగా తయారయ్యేది చివరిసారి కుబుసం విడిచాకే. అంటే పిల్ల సాలీడులో చూడవలసిందే ఇంకా పుట్టలేదు. యాప్ చూసింది వీపు మాత్రమే. అది చెప్పిన పేరును ఒక సూచనగా తీసుకో, సాక్ష్యంగా రాయకు.

అలాగని జాతి పేర్లన్నీ కొట్టేయమని కాదు. ఆరో ఫొటోలో గోడ మీదున్న పెద్ద సాలీడు, ఒంటి కింద బిళ్లలాంటి తెల్లటి గుడ్ల సంచి పట్టుకున్నది, మన ఇళ్లలో బొద్దింకల్ని వేటాడే హెటెరోపోడా వెనటోరియానే అనుకోవచ్చు. పెరిగిన ఆడది, ఇంట్లో ఉంది, ఒంటి తీరు సరిపోయింది. ఆ పేరు ఉంచు. ఆ ఫొటోను మాత్రం సాలీళ్ల గురించి తెలిసినవాళ్లకు ఒకసారి చూపించు.

ఇక నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే లోటుగా అనిపించింది గుత్తి సాలీడు గురించి. 'అనంతపురం జిల్లా గుత్తిలో నివసించే అరుదైన నీలి సాలీడు' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నువ్వు నంద్యాల అమ్మాయివి. ఈ కథ నీది.

దాని పేరు పోసిలోథీరియా మెటాలికా. 1899లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఆయన చేతిలో ఉన్న సాలీడు గుత్తిలో, రైల్వే కలప యార్డులో దొరికింది. ఆ రోజుల్లో ఏ సాలీడు ఎక్కడ దొరికితే ఆ ఊరి పేరు చీటీ మీద రాసేవారు, అంతకు మించి వివరం చాలాసార్లు ఉండేది కాదు. ఆ తర్వాత వందేళ్ల పాటు అది మళ్లీ ఎవరి కంటా పడినట్టు రికార్డు లేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో చెట్ల తొర్రల్లో దొరికింది. అక్కడి నుంచి గుత్తి దాదాపు వంద కిలోమీటర్లు. అడవిలో కొట్టిన దుంగలతో పాటు రైలెక్కి ఆ మొదటి సాలీడు గుత్తి చేరిందన్నమాట. ఈ రోజుకీ ప్రపంచమంతా దాన్ని ఇంగ్లిష్‌లో గుత్తి పేరుతోనే పిలుస్తుంది. అసలు ఇల్లేమో నల్లమల వైపు, వంద చదరపు కిలోమీటర్లకు లోపు అడవి. అదీ నరికివేతతో చెదిరిపోతోంది. 2008లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. ఆ నీలం కూడా రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుగును అలా తిప్పి పంపుతుంది.

ఈ కథ ఎందుకు ఇంత వివరంగా చెప్పానంటే, శాస్త్రంలో పేరు ఎలా నిలబడుతుందో ఇందులో ఉంది. పేరు ఒక సీసాలో ఉన్న ఒకే ఒక్క సాలీడుకు కట్టి ఉంటుంది. కొత్త జాతిని వర్ణించేవాళ్లు ఒక స్పెసిమెన్‌ను, అంటే భద్రపరచిన నమూనాను, ఎంచుకుని ఇదే హోలోటైప్ అని ప్రకటించి మ్యూజియంలో పెడతారు. పాత రోజుల్లో ఇంత కచ్చితంగా ప్రకటించకపోయినా, రచయిత చేతిలో ఉన్న స్పెసిమెన్లే ఆధారం. తర్వాత ఎవరికి సందేహం వచ్చినా, నా దగ్గరున్నది మెటాలికానా కాదా అనిపించినా, తిరిగి ఆ సాలీడుతోనే పోల్చాలి. దొరికిన చోటును టైప్ లొకాలిటీ అంటారు. అది ఆ స్పెసిమెన్ దొరికిన చోటు మాత్రమే, ఆ జాతి బతికే చోటు అయితీరాలని లేదు. గుత్తికి జరిగింది అదే. నువ్వు 'గుత్తిలో నివసించే' అని రాసినప్పుడు చీటీ మీదున్న ఊరిని ఇల్లు అనుకున్నావు.

ఒక మాట మధ్యలో చెప్పాలి, మర్చిపోతానేమోనని. ఈ సాలీడు ఉన్న చెట్టు, వాగు, ఫారెస్ట్ బీట్ పేరు రాయవద్దు. పెంపుడు జంతువుల వ్యాపారంలో దీనికి విదేశాల్లో గిరాకీ ఉంది. ఫొటోలో ఉండిపోయిన జీపీఎస్ వివరం కూడా తీసేసి పంపు. నంద్యాల, గిద్దలూరు అన్నంత వరకు ఎటూ అందరికీ తెలిసిందే, అక్కడితో ఆగు.

ఇప్పుడు బ్రాకెట్ల సంగతి. నీ వ్యాసంలో కొన్ని పేర్ల పక్కన శాస్త్రవేత్త పేరు, సంవత్సరం బ్రాకెట్లో ఉన్నాయి, కొన్నిటికి బ్రాకెట్ లేకుండా ఉన్నాయి. అచ్చుతప్పు అనుకుని ఎడిటర్ అన్నిటికీ ఒకేలా పెట్టేస్తాడేమో, ముందే చెప్పి ఉంచు. పోసిలోథీరియా మెటాలికా పోకాక్, 1899: బ్రాకెట్ లేదు. అంటే పోకాక్ ఏ ప్రజాతిలో పెట్టాడో ఇప్పటికీ అందులోనే ఉంది. హెటెరోపోడా వెనటోరియా (లిన్నేయస్, 1767): బ్రాకెట్ ఉంది. జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని అరేనియా అనే ప్రజాతిలో పెట్టాడు. హెటెరోపోడా అనే ప్రజాతి వచ్చిందే 1804లో, తర్వాత దాన్ని అందులోకి మార్చారు. జాతి పేరు నిలిచింది, ప్రజాతి మారింది, ఆ మార్పుకు గుర్తే ఆ బ్రాకెట్.

దీనితో నీకు నేరుగా పని పడేది వరి పొలంలో. సుడిదోమను పట్టి తినే తోడేలు సాలీడు గురించి పాత వ్యవసాయ పుస్తకాల్లో చూస్తే లైకోసా సూడోఅన్యులేటా అని ఉంటుంది. ఇప్పటి పరిశోధనల్లో పార్డోసా సూడోఅన్యులేటా (బోసెన్‌బర్గ్, స్ట్రాండ్, 1906) అని ఉంటుంది. రెండూ ఒకటే. ఇది తెలియక, రైతుకు మేలు చేసే సాలీళ్ల పట్టికలో ఒకేదాన్ని రెండుసార్లు లెక్కపెట్టిన వ్యాసాలు చూశాను. ఏ పేరు రాసినా ముందు వరల్డ్ స్పైడర్ కేటలాగ్‌లో వెతుకు. స్విట్జర్లాండ్ బెర్న్ నగరంలోని నేచురల్ హిస్టరీ మ్యూజియం దాన్ని నడుపుతుంది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ పేరు చెల్లుతుందో, పాత పేర్లేవో, ఎవరెవరు ఎప్పుడు మార్చారో అన్నీ అందులో ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో అందులో యాభై వేలవ జాతి చేరింది. దక్షిణ అమెరికాకు చెందిన గెంతే సాలీడు, గురియూరియస్ మినువానో. అక్కడి మినువానో ఆదివాసుల పేరు పెట్టారు.

మిగతా జంతువుల పేర్లన్నిటికీ 1758లో వచ్చిన లిన్నేయస్ పుస్తకమే మొదలు. సాలీళ్లకు మాత్రం అంతకు ముందు ఏడాది స్వీడన్‌లోనే కార్ల్ క్లర్క్ వేసిన పుస్తకం లెక్కలోకి వస్తుంది. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ఆ ఒక్క పుస్తకానికి మినహాయింపు ఇచ్చి, ఇద్దరి పేర్లూ పోటీ పడితే క్లర్క్ పేరే చెల్లుతుందని రాసింది. మొత్తం జంతు లోకంలో ఇలాంటి గౌరవం ఇంకెవరికీ దక్కలేదు. వీలైతే దీన్ని నీ వ్యాసంలో ఎక్కడైనా చేర్చు, మన పాఠకుల్లో చాలామందికి ఇది కొత్త.

వర్గీకరణ మెట్ల దగ్గర నువ్వు పాఠ్యపుస్తకంలా వరుసగా చెప్పుకుంటూ పోయావు. అది వద్దు. ఏ మెట్టు దగ్గర దేన్ని చూస్తారో చెబితే పాఠకుడు తన ఇంట్లో సాలీడు దగ్గరికి తనే వెళ్తాడు. కోరలు చూడు: గుత్తి సాలీడు, దాని బంధువులకు కోరలు రెండూ పక్కపక్కనే కిందికి దిగుతాయి. మన ఇంటి మూలల్లో ఉండేవాటికి ఎదురెదురుగా పటకారులా మూసుకుంటాయి. ఒక పెద్ద విభజన అక్కడే తెలిసిపోతుంది. తర్వాత కళ్లు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న లెన్స్ ఒకటి కొనుక్కో. ముందు నాలుగు చిన్న కళ్లు వరుసగా, వాటి పైన రెండు పెద్దవి, ఇంకా వెనక రెండు ఉంటే తోడేలు సాలీళ్ల కుటుంబం, లైకోసిడే. ముఖం మీద రెండు పెద్ద కళ్లు నిన్నే చూస్తున్నట్టుంటే గెంతే సాలీళ్లు, సాల్టిసిడే. ఆరు వేలకు పైగా జాతులతో సాలీళ్లలో అతి పెద్ద కుటుంబం. ఇంతవరకు లెన్స్ చాలు. ఇక్కడి నుంచి జాతి దాకా వెళ్లాలంటే సాధారణంగా మైక్రోస్కోప్ కావాలి.

గూడు మాత్రం చుట్టరికానికి నమ్మకమైన గుర్తు కాదు. గుండ్రటి గూడు అల్లేవన్నీ ఒకే వంశమని చాలా ఏళ్లు అనుకున్నారు. 2014లో జన్యువుల ఆధారంగా వచ్చిన అధ్యయనాలు ఆ అభిప్రాయాన్ని తారుమారు చేశాయి. రెండు రకాల గుండ్రటి గూళ్లవాళ్లు మనం అనుకున్నంత దగ్గరి బంధువులు కారని తేలింది. నువ్వు 'గూడును బట్టి కుటుంబాన్ని చెప్పేయవచ్చు' అని రాసిన వాక్యం తీసెయ్.

పేర్లు పెట్టిన కథలు రాయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. తుకారాం ఓంబ్లే గురించి తప్పకుండా రాయి. 2008 ముంబై దాడుల్లో కసబ్‌ను పట్టుకుంటూ ప్రాణాలిచ్చిన పోలీసు ఆయన. 2021లో మహారాష్ట్రలో వర్ణించిన గెంతే సాలీడుకు ఐసియస్ తుకారామి అని పేరు పెట్టారు. దానికి జతగా మన మెట్ట పొలాల గట్ల మీద కనిపించే స్టెగోడిఫస్ సరాసినోరమ్ గురించి రాయి. ముళ్ల కంపల్లో బూడిద రంగు దారాల ముద్దలో వందల కొద్దీ కలిసి బతుకుతాయి చూడు, అవే. 1892లో జర్మన్ శాస్త్రవేత్త కార్ష్ ఆ పేరు పెట్టాడు, పాల్, ఫ్రిట్జ్ సరాసిన్ అనే, వరసకు సోదరులైన ఇద్దరు స్విస్ శాస్త్రవేత్తల గౌరవార్థం. లాటిన్‌లో ఒక మగవాడి పేరైతే చివర 'ఐ' వస్తుంది, ఒకరికంటే ఎక్కువమంది అయితే 'ఓరమ్'. అందుకే ఒకటి తుకారామి, ఇంకొకటి సరాసినోరమ్.

ఇంకొక విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. 'కొత్త జాతి' అన్న మాట ఊరికే వాడకు. రాష్ట్రంలో మొదటిసారి కనిపించడం వేరు, శాస్త్రానికే కొత్త కావడం వేరు. రెండోది కావాలంటే దగ్గరి జాతులన్నిటితో పోల్చి, బొమ్మలతో వర్ణన అచ్చు వేసి, హోలోటైప్‌ను భద్రపరచాలి. మన పత్రికల్లో మొదటిదాన్ని రెండోదిగా రాయడం అలవాటైపోయింది. ఆ సాలీడును వెతికి పట్టుకున్న విద్యార్థుల కష్టానికి అది న్యాయం చేయదు, వాళ్లనే ఇబ్బందుల్లో పెడుతుంది.

తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి ప్రజాతి ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. అందుకే శాస్త్రీయ నామాన్ని వాలు అక్షరాల్లో వేయమని అడుగు, మొదటిసారి ఇంగ్లిష్ లిపిలో కూడా ఇవ్వు, వ్యాసమంతా ఒకే స్పెల్లింగ్ వాడు. ఒకచోట మెటల్లికా, ఇంకోచోట మెటాలికా అని ఉంది.

ఫొటోల కింద రాసేది ఇలా ఉంటే చాలు: 'తోడేలు సాలీడు, లైకోసిడే కుటుంబం. ఆడది, వీపు మీద పిల్లలు. నంద్యాల దగ్గర వరి పొలం, సాయంత్రం.' పిల్ల సాలీళ్ల ఫొటోలకు 'గెంతే సాలీడు, ఇంకా ఎదగనిది' అని రాయి. టెన్షన్ పడకు, పాఠకుడికి ఇందులో తగ్గింది ఏమీ లేదు. మార్చిన ప్రతి నాకు ముందు పంపు. గుత్తి భాగం ఒక్కటీ ఎంత పొడుగైనా ఫర్వాలేదు, చోటు సంగతి ఎడిటర్‌తో నేను మాట్లాడతాను.