కుక్క మళ్ళీ పిల్లోడెట్లయినాడు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జి. అరవిందన్ మలయాళంలో తీసిన ‘కుమ్మాట్టి’ (1979)ని తిరుపతిలో, చిత్తూరులో చిన్న హాళ్ళలో చూసినవాళ్ళ ఉత్తరాలు, అదే తోవలోని వేరే సినిమాల మీద వచ్చిన సందేహాలు ఈ నెల ఒకచోట చేర్చాం. చూడనివాళ్ళ కోసం కథ: పల్లెలో పిల్లలు పాటల్లో పాడుకునే కుమ్మాట్టి ఒకరోజు నిజంగానే వస్తాడు. ఆటాపాటా అయ్యాక పిల్లల్ని జంతువుల్ని చేస్తాడు. తిరిగి మనుషుల్ని చేసే వేళకు చిందన్ అనే కుర్రాడు కుక్క రూపంలో ఎటో తప్పిపోయి ఉంటాడు. కుమ్మాట్టి మళ్ళీ ఆ ఊరికి వచ్చేదాకా ఆ కుక్క ఇంట్లోనే ఎదురుచూస్తుంది, అతను వచ్చాకే మళ్ళీ పిల్లవాడవుతుంది.

‘ఏందప్పా ఇది, తలాతోకా లేకుండా ఉండాదే’ అంటూ మా వరసలో ఒకాయన సగంలో లేచిపోయినాడు. కుమ్మాట్టి దేవుడా, మాంత్రికుడా, పిచ్చోడా? సినిమాలో ఒక్క ముక్క చెప్పలేదు. ‘మాయాబజార్’లో ఇంతకన్నా పెద్ద మాయలున్నా మాకెవరికీ తికమక రాలేదు కదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

‘మాయాబజార్’ (1957)లో ప్రతి మాయకూ ఒక కర్త ఉన్నాడు. లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరితే అది ఘటోత్కచుడి పని. ప్రియదర్శినిలో మనసులోని మనిషి కనబడుతుందనీ, సత్యపీఠం ఎక్కినవాడు నిజం కక్కుతాడనీ ముందే చెప్పేస్తారు. నియమం మనకు తెలుసు, తెలియనివాడు తెరమీద ఉన్నాడు, అందుకే నవ్వొస్తుంది. ‘కుమ్మాట్టి’లో మనమూ ఆ తెలియనివాళ్ళ పక్కనే కూర్చోవాలి. ఊరివాళ్ళకు అతనెవరో తెలియదు కాబట్టి మనకూ చెప్పరు.

ఇది మన ఊరికి కొత్తేమీ కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఒళ్ళంతా బొగ్గు పూసుకున్న తోటి వేషం వాడు ఎదురొస్తే ‘నువ్వెవరు, దేవుడివా మనిషివా’ అని ఎవరూ ఆపి అడగరు. వేషం ఉన్నంతసేపూ వేషమే. అదే మనిషి తెరమీద కనబడితే మాత్రం వివరం కావాలంటాం, టిక్కెట్టు కొన్నాం కాబట్టి కాబోలు.

రెండోసారి చూసే వీలుంటే మూడు చోట్ల కన్నేసి ఉంచండి. మొదటిది, పిల్లలు జంతువులయ్యే చోటు: అక్కడ కెమెరా గారడీ ఏమీ లేదు, కట్ మాత్రమే. రెండోది, ఆకాశం కింద మనుషులు చీమలంత కనిపించే దూరపు షాట్లు: ఛాయాగ్రాహకుడు షాజీ ఎన్. కరుణ్ తీసిన వాటిని తొందరపడి కోయలేదు. మూడోది, చిలక పంజరం. కుక్కగా బతికొచ్చిన పిల్లవాడు దాని తలుపు తీస్తాడు. ‘కుమ్మాట్టి ఎవరు’ అన్న ప్రశ్న కన్నా ‘పిల్లవాడు పంజరం ఎందుకు తెరిచాడు’ అన్నది ఈ సినిమాకు దగ్గరి ప్రశ్న, జవాబు కూడా తెరమీదే ఉంది.

మా మిత్రులం చిత్తూరులో ఒక మండపం అద్దెకు తీసుకుని ఇలాంటి సినిమా ఒకటి వేశాం. మొహాలు సాగినట్టున్నాయనీ, బొమ్మ వెలిసిపోయిందనీ, మాటలు బావిలోంచి వచ్చినట్టున్నాయనీ జనం విసుక్కున్నారు. కొందరు మాత్రం ‘కలలాంటి సినిమా కదా, అట్లనే ఉంటాది’ అన్నారు. ఏది నిజం?
– నిర్వాహకులు, చిత్తూరు

విసుక్కున్నవాళ్ళదే నిజం. ఇలాంటి సినిమాల మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం హాలు మీద రావాల్సినవి. మామూలు సినిమాలో బొమ్మ పాడైతే కథ పట్టుకుని నడిచిపోతాం. ఇక్కడ బొమ్మా చప్పుడే కథ, అవి చెడితే ఇంకేమీ మిగలదు.

మొహాలు సాగడం: 1950కి ముందు తీసిన టాకీలు దాదాపు అన్నీ, తర్వాతివి కొన్నీ 1.37:1 కొలతలో ఉంటాయి, అంటే చతురస్రానికి కాస్త ఎక్కువ. ప్రొజెక్టర్‌ది 16:9. పది అడుగుల వెడల్పు తెర మీద ఆ బొమ్మ ఏడడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే రావాలి, చెరో పక్కా అడుగుకు పైగా నలుపు మిగలాలి. ఆ నలుపు చూసి ‘తెర వృథా అవుతోంది’ అని ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని ‘ఫుల్’ నొక్కుతారు. అక్కడితో సినిమా పోయింది. సినిమాలో ఒక బండి చక్రమో చందమామో వచ్చేచోట ముందే ఆపి చూడండి. గుండ్రంగా లేకపోతే సెట్టింగు తప్పు.

వెలిసిపోవడం: ఎక్కువమంది లూమెన్లు (ప్రొజెక్టర్ వెలుగు కొలత) పెంచమంటారు. లెక్క చూద్దాం. పది అడుగుల తెర వైశాల్యం 56 చదరపు అడుగులు. డిజిటల్ థియేటర్ ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు, అంటే మామూలు తెర మీద చదరపు అడుగుకు 14 లూమెన్లు. రెండూ గుణిస్తే 800 లూమెన్లు కూడా కాలేదు. ఆఫీసుల్లో వాడే 3,000 లూమెన్ల ప్రొజెక్టర్‌ని ‘సినిమా’ మోడ్‌లో పెట్టి వెలుగు సగానికి పడిపోయినా ఇంకా మిగులే. చెడగొట్టేది మండపం కిటికీలు, స్టేజి మీద దేవుడి పటం సీరియల్ బల్బులు, తలుపు మీది ట్యూబ్‌లైటు. చిత్తూరు వేసవిలో సాయంత్రం ఆరున్నరకు కూడా వెలుతురు ఉంటుంది, ఆట ఏడున్నరకు పెట్టుకోండి. ‘డైనమిక్’, ‘వివిడ్’ మోడ్‌లు తీసేయండి, అవి నలుపుని బూడిద చేస్తాయి.

బావి గొంతు: ఇది మిక్సర్ పాపం. పెళ్ళి మండపాల్లో పాటకచేరీ కోసం తిప్పిన ఎకో నాబ్ అట్లాగే ఉండిపోతుంది. దాన్ని సున్నాకు తిప్పండి, బాస్ సగం తగ్గించండి. పాత సినిమాల శబ్దం మోనో, అంటే ఒకే ధార, దానికి ‘సరౌండ్’ ఎఫెక్టు పెట్టకూడదు. స్పీకర్లు రెండూ తెరకు చెరో పక్క, కూర్చున్నవాళ్ళ చెవుల కన్నా కాస్త ఎత్తులో, చివరి వరస వైపు తిప్పి ఉంచండి. మండపం పై స్పీకర్లన్నీ ఆపేయాలి. ఒకే మాట నాలుగు దిక్కుల నుంచి నాలుగు క్షణాల్లో వస్తే ఏ భాషయినా అర్థం కాదు.

ఇంకొకటి. ప్రొజెక్టర్ బదులు పెద్ద టీవీ పెడితే మోషన్ స్మూతింగ్ ఆపండి. ఎల్‌జీలో ‘ట్రూమోషన్’, సోనీలో ‘మోషన్‌ఫ్లో’, శామ్‌సంగ్‌లో ‘పిక్చర్ క్లారిటీ’ (పాతవాటిలో ‘ఆటో మోషన్ ప్లస్’) అని ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములుగా తీసిన దాంట్లోకి లేని ఫ్రేములు దూర్చి సీరియల్‌లా చేసేస్తుంది. లాప్‌టాప్ నుంచి వేస్తుంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో 24 హెర్ట్జ్ దొరికితే అదే ఎంచుకోండి. 60 అయితే ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు పడుతుంది. కెమెరా మెల్లగా తిరిగే షాట్లలో ఆ కుదుపు తెలిసిపోతుంది, ఈ సినిమాల్లో ఉండేవేమో అవే.

తెలుగు సబ్‌టైటిళ్ళు మేమే రాసుకున్నాం. తెరమీద డబ్బాలు వచ్చాయి. అది సరిచేస్తే, మొదట్లో సరిగ్గా ఉండి చివరికి మూడు నిమిషాలు తేడా వచ్చింది.
– విద్యార్థి బృందం, తిరుపతి

డబ్బాలకు కారణాలు రెండే: ఫైలు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి)లో సేవ్ కాకపోవడం, ప్లేయర్ ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేకపోవడం. మొదటిది నోట్‌ప్యాడ్‌లో ‘సేవ్ యాజ్’ దగ్గర మారుతుంది. చివర్లో మూడు నిమిషాలంటే మీ వీడియో సెకనుకు 25 ఫ్రేములది, సబ్‌టైటిళ్ళు 24 లెక్కన చేసినవి (అటుదిటు కూడా కావచ్చు). 24 ఫ్రేముల సినిమా 25లో నడిస్తే 90 నిమిషాలది 86 నిమిషాల 24 సెకన్లలో అయిపోతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు నొక్కి జరుపుకుంటూ కూర్చుంటే లాభం లేదు, అవి మొత్తాన్నీ ఒకేలా జరుపుతాయి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చండి. లైనుకు 35 అక్షరాలు, రెండు లైన్లు దాటకండి. పాటను తెలుగు పద్యంగా తిరగరాసే ఉబలాటం ఉంటే ఇంకో కాగితం మీద తీర్చుకోండి. చదివేవాడు బొమ్మ చూడడు.

మొత్తం సినిమాలో పావుగంట నిద్రపోయాను. సిగ్గుగా ఉంది.
– ఒక పాఠకురాలు, పుత్తూరు

అక్కర్లేదమ్మా. మధ్యాహ్నం భోజనం పెట్టి రెండు గంటలకు ఆట మొదలుపెట్టినవాళ్ళు సిగ్గుపడాలి.

జపాన్ దర్శకుడు కురొసావా ‘డ్రీమ్స్’ మొదటి కథలో నక్కల పెళ్ళి చూశాడని పిల్లవాణ్ణి కన్నతల్లే గడప తొక్కనివ్వదు. మా ఏడేళ్ళ పాప భయపడింది. పిల్లలకు చూపించొచ్చా? అసలు ఆ పెళ్ళేంటి?
– ఒక తల్లి, పలమనేరు

పాపను అడిగి చూడండి, మీకన్నా ముందే చెప్తుంది. ఎండలో వాన పడితే మన పిల్లలు ‘ఎండా వానా, కుక్కకూ నక్కకూ పెళ్ళి’ అని గంతులేస్తారు. జపాన్‌లోనూ ఎండావాన నక్కల పెళ్ళికి గుర్తు. తేడా ఒక్కటే: మనది ఆట, వాళ్ళది చూడకూడని పెళ్ళి. అందుకే నక్కలు తాళానికి నాలుగడుగులు వేసి ఠక్కున ఆగి తలలు తిప్పుతాయి. పాపను భయపెట్టింది నక్క మొహాలు కాదు, ఆ ఆగడం. తల్లి పిల్లవాడి చేతికి కత్తి ఇచ్చి, నక్కలను క్షమాపణ అడిగి రమ్మని తలుపు మూసేయడం పెద్దవాళ్ళకే బరువు. 1990లో వచ్చిన ఈ సినిమాలో ఎనిమిది కలలున్నాయి, రెండు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఒకే విడతలో పిల్లలకు వద్దు. చివరిదైన నీటిమరల ఊరి కథ ఒక్కటీ ముందు చూపించండి. పెళ్ళి కథను పగటిపూట, పక్కన కూర్చుని, చివర్లో ఇంద్రధనుస్సు దాకా ఆపకుండా చూపించండి. మధ్యలో ఆపేస్తే మూసిన తలుపే పాప మనసులో మిగిలిపోతుంది.

నేను కలంకారీ పని చేస్తాను. సోవియట్ దర్శకుడు పరజనోవ్ ‘దానిమ్మల రంగు’ చూస్తే కదిలే సినిమాలా కాక, మా బట్టలా అనిపించింది. నా భ్రమా?
– శ్రీకాళహస్తి

భ్రమ కాదు. ఆ సినిమా (1969) ఆర్మేనియా కవి సయాత్ నోవా బతుకు. పరజనోవ్ కెమెరాను దాదాపు కదపడు. మనుషులు మనవైపు తిరిగి నిలబడతారు, లోతు ఉండదు, అంతా ఒకే తలం. మీ బట్ట మీద రాముడు ఒక గడిలో అడవికి పోతూ, పక్క గడిలో లంకలో ఉంటూ ఒకేసారి కనబడతాడు, కింద పట్టీలో తెలుగు అక్షరాలుంటాయి. ఇక్కడా గడి తర్వాత గడి, మధ్యలో అక్షరాలు. సోఫికో చియౌరెలి అనే ఒకే నటి కుర్ర కవిగానూ అతని ప్రేయసిగానూ వస్తుంది. దానికి గాభరాపడే ప్రేక్షకుడు బట్ట మీద ఇద్దరు రాముళ్ళను చూసి గాభరాపడడు.

మీరు మాత్రమే చూడగలిగినవి రెండున్నాయి. దానిమ్మల కింద తెల్లబట్టలోకి ఎరుపు పాకడం, మఠం కప్పు మీద తడిసిన పుస్తకాలు ఎండుతూ గాలికి రెపరెపలాడడం. పటిక వేసిన చోటే ఎరుపు పట్టుతుందనీ, స్వర్ణముఖి ఇసుకలో ఆరే బట్ట ఎంత చప్పుడు చేస్తుందో తెలిసిన మీరు ఆ షాట్ల గురించి మాట్లాడితే విమర్శకుడు పక్కకు జరిగి వినాలి.

సినిమా అయ్యాక చర్చ పెడితే ఇద్దరే మాట్లాడతారు, తక్కినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటారు. ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, కుప్పం

‘మీకేం అర్థమైంది?’ అని మొదలుపెట్టి ఉంటారు. అది పరీక్ష ప్రశ్న. అర్థం కానివాళ్ళు అక్కడే లేస్తారు.

లైట్లు వేయగానే మైకు పట్టుకోకండి. పావుగంట టీకి వదలండి. అరచేతంత చీటీలు పంచి ‘గుర్తున్న ఒక బొమ్మ, ఒక చప్పుడు’ అని మాత్రం రాయమనండి, పేర్లు వద్దు. వాటిని చదివితే ఒకే బొమ్మ పదిమందికి గుర్తుండటం బయటపడుతుంది, మాటలు అక్కడి నుంచి నడుస్తాయి. రివ్యూలు చదివొచ్చినవాళ్ళకు చివర్లో అవకాశం. ఎవరైనా ‘దీని అర్థం ఇదీ’ అంటే దానికి సాక్ష్యంగా మూడు షాట్లు చూపించమనండి, ఆ అర్థానికి లొంగని షాట్ ఒకటి కూడా చెప్పమనండి. రెండోది చెప్పలేనివాళ్ళు సినిమా పూర్తిగా చూడలేదు.

చర్చ అలవాటు చేయడానికి స్పెయిన్ దర్శకుడు బున్యుయేల్, చిత్రకారుడు డాలీ కలిసి చేసిన ‘అన్ షియాన్ అందలూ’ (1929) పనికొస్తుంది, ఇరవై నిమిషాలకు అటూఇటూ. హేతువుకు లొంగే ఏ ఊహా రాయకూడదని వాళ్ళు ముందే ఒప్పందం చేసుకున్నారు. ‘ఎనిమిదేళ్ళ తర్వాత’ అని అక్షరాలు పడతాయి, ఎవరికీ ఒక్క ఏడూ గడిచినట్టుండదు. మొదట్లోనే కన్ను కోసే షాట్ ఉంది, హైస్కూలు పిల్లలకు వేయకండి. నిడివి తేడాగా కనబడితే కంగారుపడొద్దు, సెకనుకు 24 ఫ్రేముల్లో నడిచేది 16లో నడిస్తే ఒకటిన్నర రెట్లు సాగుతుంది.

ఫోనుతో కల సీన్ తీయాలి. పొగ మెషిన్ అద్దెకు దొరకలేదు. చంద్రగిరి కోటలో తీద్దామనుకుంటున్నాం.
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

దొరకకపోవడమే మంచిదైంది. పొగా, మసక అంచులూ, తెల్లచీరా వేస్తే ‘ఇది కల’ అని బోర్డు పెట్టినట్టే. కలలో ఉన్నవాడికి అంతా స్పష్టంగానే కనబడుతుంది.

ఖర్చులేని పద్ధతి వెనక్కి నడిపించడం. ఫ్రెంచ్ దర్శకుడు కాక్టో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ (1946)లో కొవ్వొత్తులు ఆర్పుతూ తీసి తిరగేశాడు, అవి వాటంతటవే వెలుగుతాయి. నటుడు వెనక్కి నడుస్తుంటే తీసి తిరగేస్తే ముందుకే నడుస్తాడు గానీ ఆ నడక మామూలుగా ఉండదు, చూసేవాళ్ళకు తేడా ఎక్కడో అంతుబట్టదు. ఫ్రేములో పొగ, పారే నీళ్ళు, వెనకాల నడిచే జనం ఉండకూడదు, గుట్టు బయటపడుతుంది. నటుడికి ముందు రెండు రోజులు సాధన కావాలి, మొదటిరోజు అందరూ కిందకే చూస్తారు. నెమ్మదిగా కావాలంటే 50 ఫ్రేముల్లో తీసి 25లో నడపండి. గదిలో ట్యూబ్‌లైటు ఉంటే షట్టర్ 1/50 లేదా 1/100, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే బొమ్మ మినుకుమంటుంది. ఫోను ఎక్స్‌పోజర్‌ని లాక్ చేయకపోతే షాట్ మధ్యలో వెలుగు తనంతట తాను మారుతుంది, తిరగేశాక అది మరీ కొట్టొచ్చినట్టుంటుంది.

చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. షూటింగుకి వాళ్ళ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, ట్రైపాడ్ తీసేదాకా ఎవరూ పట్టించుకోరు, తీయగానే గార్డు వస్తాడు. కొవ్వొత్తుల సీన్ మాత్రం అనుమతి ఉన్నా అక్కడ వద్దు, ఇంట్లో ఫ్యాన్ ఆపి తీసుకోండి.