అమ్మాయి చదువు మాన్పించకండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో ఏడాది. చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. నిరుడు ఒక కన్ను మసకబారితే ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. కాలేజీ మాన్పించి, ఇంట్లోంచే పని చేసుకునేలా డేటా సైన్స్ కోర్సులో చేర్చాలా? గ్రూప్స్ కోచింగ్‌కు పంపాలా? వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే పెళ్లి సంబంధాలు రావని మా భయం.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క కూడా రాయలేదేంటండీ? ఇరవై ఏళ్లు దాటిన పిల్ల గురించి అంతా మీరే తేల్చేస్తున్నారు. ఇది తప్పు.

ముందు ధైర్యంగా ఉండండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అంటే మెదడు, నరాలను దెబ్బతీసే జబ్బు. అది చాలామందిలో కొన్నాళ్లు తిరగబెట్టి, మళ్లీ నెమ్మదిస్తుంది. అలా తిరగబెట్టడాన్ని తగ్గించే మందులూ ఉన్నాయి. ఇన్నేళ్లుగా తన ఇన్సులిన్ తనే చూసుకుంటున్న పిల్ల దీన్నీ నేర్చుకుంటుంది.

డేటా సైన్స్ మీద నాకు గట్టి అనుమానమే ఉంది. ఆరు నెలల సర్టిఫికెట్‌కు లక్షలు కట్టిన పిల్లలు డిగ్రీ లేక ఇంటర్వ్యూ దాకా వెళ్లలేక నా దగ్గరికి వస్తున్నారు. ఫ్రెషర్‌కు ఇంటి నుంచి పని దొరకడం కష్టం. దొరికినా అది అమెరికా వేళల షిఫ్టయితే నిద్రా పోతుంది, షుగరూ అదుపు తప్పుతుంది. ఇక గ్రూప్స్ అంటే నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపు, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో కిక్కిరిసిన గదులు. ఎంఎస్‌కు వేడి పడదు. ఒక వేసవిలో ఇదే జబ్బున్న అమ్మాయి ఎండలో వచ్చి మా మెట్లెక్కింది. నేనిచ్చిన ఫారం మీద అక్షరాలు కనబడటం లేదంది. ఫ్యాను కింద కాసేపు కూర్చుని చల్లటి నీళ్లు తాగాక తనే చదివి నింపింది.

అందుకే డిగ్రీ పూర్తి కానివ్వండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీ అయితే అనారోగ్యం కారణంగా హాజరు 65 శాతం దాకా తగ్గినా మినహాయింపు అడగొచ్చు. ఎంఎస్ తిరగబెడితే ఇచ్చే స్టెరాయిడ్లతో షుగర్ ఎగబాకుతుంది. అందుకని న్యూరాలజిస్టు చీటీ షుగర్ డాక్టరుకు, ఆయన చీటీ ఈయనకు చూపించాల్సిందే. నీరసమన్న ప్రతిసారీ ఎంఎస్ అనుకోకుండా ముందు వేలు గుచ్చి షుగర్ చూసుకోమనండి.

సర్టిఫికెట్ దాచుకోవాల్సిన కాగితం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎంఎస్ పేరుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని తేలితే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ కింద సీటు అడగొచ్చు. ఉద్యోగాల కోటా సంగతి మాత్రం జబ్బు పేరును బట్టి కాదు, కన్నో కాలో ఏది ఎంత దెబ్బతింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. రేపటి సంబంధం కోసం ఇవాళ్టి హక్కు వదులుకోమని పిల్లకు ఎలా చెప్తారండీ?

ఈ జవాబు తనకే చూపించండి. ఈసారి ప్రశ్న తననే రాయమనండి.